గులకరాళ్ళ గొట్టం

సోమలింగాన్ని తొలుస్తున్నది తన సంగతి కాదు, గంగులు సంగతి.

గోదావరి పాపికొండల ఇరుకులోకి దిగకముందు, ఒడ్డున కాస్త మెరక మీద ఒక మఠం ఉండేది. మఠమంటే గోపురాలూ ప్రాకారాలూ కావు. కొన్ని తాటాకు పాకలు, వైద్యానికి వచ్చినవాళ్ళు పడుకునే కొట్టం, మందులు దించే బట్టీపాక. అంతే. దానికి పెద్ద నాగమాంబ. బాగా వయసు మళ్ళిన మనిషి. ధ్యానమూ వైద్యమూ ఆమె తన గురువు దగ్గర కలిపే నేర్చుకుంది. ఆయన పోయాక రెండూ అలాగే సాగిస్తూ వచ్చింది. ఉపన్యాసాలు చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఏదైనా అడిగితే ఒక్కోసారి జవాబు చెప్పేది, ఒక్కోసారి పని చెప్పేది.

సోమలింగం కోనసీమ నుంచి వచ్చాడు. చదువుకున్న ఇంటి పిల్లవాడు. ఇల్లు వదిలాక మళ్ళీ ఆ దిక్కు పోలేదు. తల్లి కబురు పెట్టినా పోలేదు. ఇచ్చిన పని ఇచ్చినట్టు చేసేవాడు. ధ్యానానికి కూర్చుంటే కదిలేవాడు కాదు. అతన్ని వేలెత్తి చూపడానికి ఎవరికీ ఏమీ దొరికేది కాదు. బట్టీపాకను నాగమాంబ అతని చేతికే అప్పగించింది.

గంగులు తెప్పలవాడు. శబరి నుంచి వెదురు తెప్పలను గోదావరిలోకి దించి, రాజమండ్రి దాకా నడిపే జట్టులో పనిచేసేవాడు. ఒక ఏడాది కొండల ఇరుకులో తెప్ప సుడిలో చిక్కి విడిపోయింది. అతని తమ్ముడు వెదుళ్ళ కిందికి పోయి మళ్ళీ పైకి రాలేదు. గంగులు కాళ్ళు చీరుకుపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. జట్టువాళ్ళు పడవలో ఎగువకు తెచ్చి మఠంలో దించారు. కాళ్ళు మానాయి. అతను మాత్రం ఊరికి వెళ్ళలేదు. ఇక్కడే ఉండి ధ్యానానికి కూర్చోవడం నేర్చుకుంటానన్నాడు. నాగమాంబ ఉండమంది.

ఉన్నాడు. నీళ్ళు తోడేవాడు, కట్టెలు కొట్టేవాడు, అందరితో పాటు కూర్చునేవాడు. వానలు వెనకపట్టి ఏరు తగ్గడం మొదలుపెట్టేదాకా బాగానే ఉండేవాడు. ఏరు తగ్గితే తెప్పలు వస్తాయి. మలుపు దగ్గర తెప్పలవాళ్ళు ముందున్నవాళ్ళను హెచ్చరిస్తూ పొడుగ్గా కేకలు వేస్తారు. ఆ కేక చెవిన పడితే గంగులు చేతిలో పని ఆగిపోయేది. ఆ తరవాత ఎప్పుడో చూస్తే మనిషి ఉండేవాడు కాదు. తెప్ప ఎక్కి వెళ్ళిపోయేవాడు. కొన్నాళ్ళకు ఒడ్డు వెంట నడుచుకుంటూ, చిక్కిపోయి తిరిగి వచ్చేవాడు. నాగమాంబ అతనికి అన్నం పెట్టించి, మర్నాటి నుంచి పని చెప్పేది.

ఒకసారి వెళ్ళాడు, వచ్చాడు. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాడు, వచ్చాడు. ఈ ఏడు వెళ్ళినప్పుడు బట్టీని మంట మీద వదిలేసి వెళ్ళాడు.

ఆ రోజు రాగి కాగులో ఇప్పపువ్వు ఊట కాగుతోంది. ఎండిన ఇప్పపువ్వును నీళ్ళలో నానబెట్టి పులియనిస్తే ఊట తయారవుతుంది. దాన్ని కాచి ఆవిరి పట్టి చల్లారిస్తే సారం దిగుతుంది. ఆ మఠంలో దాన్ని నోట పోసుకునేవాళ్ళు లేరు. ఘాటైన సారంలో గుగ్గిలం కరిగించి పుళ్ళ మీద పూసేవాళ్ళు. పూసిన కాసేపటికి సారం ఎగిరిపోయి, గుగ్గిలం పలచటి పొరలా పుండును కప్పేసేది. రోజంతా నీళ్ళలో నిలబడి వెదుళ్ళు కట్టేవాళ్ళకు ఆ మందు తప్ప వేరే మందు పనిచేసేది కాదు.

సోమలింగం ఆకుల కోసం అవతలి ఒడ్డుకు వెళ్తూ, మంట చిన్నదిగా ఉంచమనీ, కట్టె తరవాత కట్టె పెట్టమనీ గంగులుకు చెప్పి వెళ్ళాడు. తిరిగి వస్తుంటే ఏటి మధ్యలోనే మాడు వాసన తగిలింది. వచ్చి చూస్తే పొయ్యి నిండా కట్టెలు భగభగ మండుతున్నాయి. కాగు అడుగు నల్లబడింది. పువ్వు అడుగంటి బొగ్గయింది. బుడ్డిలోకి దిగిన సారం కూడా మాడు కంపు కొడుతోంది. గంగులు లేడు. ఏటి మలుపులో ఆ వరసలోని ఆఖరి తెప్ప తోక కనబడి మాయమైంది.

ఇక మిగిలిన ఇప్పపువ్వు ఒక్క బాన ఊటకు మాత్రమే సరిపోతుంది. మళ్ళీ పువ్వు రాలేది ఎండాకాలంలోనే.

కొట్టంలో కాళ్ళ పుళ్ళతో వచ్చినవాళ్ళు ఎదురుచూస్తున్నారు. వాళ్ళలో లచ్చయ్య అనే కోయ ముసలాయన పరిస్థితి బాగాలేదు. మడమ మీద పుండు లోతుకు దిగింది. రోజూ కడిగి ఆకు కడుతున్నారు గానీ పై కప్పు పడితే తప్ప మానేలా లేదు. మందు ఎప్పుడొస్తుందని అతను అడగలేదు. గంగులు కనబడడేమని మాత్రం అడిగాడు. సోమలింగం జవాబు చెప్పకుండా కట్టు కట్టి లేచి, నేరుగా నాగమాంబ దగ్గరికి వెళ్ళాడు.

ఆమె అరుగు మీద కూర్చుని గుగ్గిలం గడ్డలు పగలగొడుతోంది.

"అమ్మా, గంగులు మళ్ళీ వస్తాడు. ఈసారి రానివ్వకండి" అన్నాడు.

ఆమె చేతిలో రాయి ఆపి, చెప్పమన్నట్టు చూసింది.

సోమలింగం చెప్పాడు. మాడిన బట్టీ గురించి, మిగిలిన పువ్వు గురించి, లచ్చయ్య మడమ గురించి చెప్పాడు. ఉన్నవాళ్ళ మనసు కూడా చెదురుతోందని, నిన్న ఒక కుర్ర సాధువు తానూ ఒకసారి ఊరు చూసి వస్తానన్నాడని చెప్పాడు. అతని గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకున్నవాడిలా మాట్లాడాడు.

"పైకి రాగలిగినవాడు వస్తాడు. రాలేనివాడు కిందే ఉండిపోతాడు. అందులో తప్పు లేదు. ఇతను వస్తాడు, జారిపోతాడు. మళ్ళీ వస్తాడు, మళ్ళీ జారిపోతాడు. ఇలాంటివాణ్ణి ఉంచుకుంటే వాడికీ లాభం లేదు, మనకీ లేదు."

నాగమాంబ గడ్డను ఇంకో దెబ్బ కొట్టింది.

"కళ్ళమందుకు నీళ్ళు అయిపోయాయి. ముందు ఆ పని చూడు" అంది.

ఏట్లో నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సోమలింగం చిన్న కాగు తోమి, ఎర్రనీళ్ళు పోసి, మూత మీద గొట్టం బిగించి, మట్టితో సందులు మెత్తాడు. గొట్టం పక్కకు వంగి, చల్లనీళ్ళ తొట్టిలోంచి పోయి, అవతల బుడ్డిలోకి దిగుతుంది. నీళ్ళు కాగాయి. ఆవిరి గొట్టంలోకి పోయింది. చల్లారి, చుక్కచుక్కగా బుడ్డిలో పడింది. మూత తీసి చూస్తే కాగు అడుగున ఎర్రటి ఒండ్రు పేరుకుని ఉంది.

బుడ్డి తెచ్చి నాగమాంబకు చూపించాడు. నీళ్ళు గాజులా ఉన్నాయి.

"ఒక్కసారికే తేలిపోయిందమ్మా. బురద కిందే ఉంది. నీళ్ళు పైకొచ్చాయి. మళ్ళీ మళ్ళీ చేసే పనే లేదు."

ఆమె బుడ్డిని వెలుతురుకు ఎత్తి చూసి పక్కన పెట్టింది.

"బురదా నీళ్ళూ అయితే అంతే" అంది.

మిగిలిన పువ్వు నానబెట్టారు. ఊట పులిసి తయారయ్యాక సోమలింగం ఈసారి పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. మంట అదుపులో పెట్టి, తానే కూర్చుని సారం దించాడు. బుడ్డి నిండింది. మాడు వాసన లేదు. తృప్తిగా కాస్త గిన్నెలో పోసి, గుగ్గిలం పొడి వేసి కలిపాడు.

గుగ్గిలం కరగలేదు. సారం పాలలా తెల్లబడింది. పొడి ముద్దకట్టి గిన్నె అడుగుకు అంటుకుంది.

ఎందుకో అతనికి తెలుసు. సారంలో నీళ్ళు వచ్చేశాయి. ఇప్పసారమూ నీళ్ళూ, బురదా నీళ్ళలాంటివి కావు. రెండూ వేడికి లేచేవే. సారం కాస్త ముందు లేస్తుంది, నీళ్ళు కాస్త వెనక లేస్తాయి. కానీ ఒకటి లేస్తుంటే రెండోది దాన్ని పట్టుకుని కూడా వచ్చేస్తుంది. మిగతా ఏళ్ళలో అయితే దించినదాన్నే మళ్ళీ మళ్ళీ కాచి, ప్రతిసారీ ముందు దిగినది ఉంచుకుని వెనకది పారబోసేవాళ్ళు. అలా చేస్తే చివరికి చిక్కటి సారం దక్కుతుంది గానీ సగానికి పైగా పోతుంది. ఈ ఏడు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు.

ఆ మాట నాగమాంబకు చెప్పాడు. ఆమె అటక మీద నుంచి పొడుగు గొట్టం దింపమంది.

ఆ గొట్టం ఆమె గురువుగారి కాలం నాటిది. మనిషి ఎత్తు ఉంటుంది. లావుపాటి రాగి గొట్టం. సోమలింగం వచ్చాక దాన్ని ఎవరూ వాడగా చూడలేదు. దానితో చేస్తే ఆలస్యమని పక్కన పెట్టేశారని ఎవరో చెప్పగా విన్నాడు. లోపల అడుగున చిల్లుల పళ్ళెం ఉంది. గొట్టం నిండా ఏటి గులకరాళ్ళు పోయమంది నాగమాంబ. పోశాడు. దాన్ని కాగు మూత మీద నిలువుగా నిలబెట్టి, పై కొసకు పక్క గొట్టం బిగించి, దాన్ని తొట్టిలోంచి బుడ్డిలోకి దింపాడు. మొదట దించిన పలచటి సారాన్నే కాగులో పోసి మంట పెట్టాడు.

"మంట పెంచకు" అని చెప్పి ఆమె కొట్టంలోకి వెళ్ళిపోయింది.

కాగు మరిగింది. గొట్టం అడుగు వేడెక్కింది. సోమలింగం అరచెయ్యి ఆనించి చూసుకుంటూ కూర్చున్నాడు. వేడి మెల్లగా పైకి పాకుతోంది. నడుము ఎత్తు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. బుడ్డిలోకి ఒక్క చుక్క రాలేదు.

చెవి ఆనించి విన్నాడు. లోపల రాళ్ళ మధ్య టపటపమని చప్పుడు. పైకి లేచిన ఆవిరి రాళ్ళకు తగిలి నీరై, మళ్ళీ కిందికి రాలుతోంది. కింద నుంచి వచ్చే వేడికి మళ్ళీ ఆవిరవుతోంది. మళ్ళీ లేస్తోంది. ఇంకాస్త పైన తగిలి మళ్ళీ రాలుతోంది.

చాలాసేపు విన్నాడు. ఆ చప్పుడు అతనికి చిరాకు తెప్పించింది. లేచినదంతా పడిపోతూ ఉంటే పైకి చేరేది ఎప్పుడు? పడిపోయేది నీళ్ళ పాలు ఎక్కువ ఉన్నదే అయి ఉండాలి. దాన్ని కాగులోకి పోనివ్వడం వల్లే కదా ఇంత జాప్యం. అక్కడికక్కడే బయటికి తీసేస్తే, పైకి వెళ్ళగలిగిన సారం అడ్డు లేకుండా వెళ్ళిపోతుంది.

గొట్టం అడుగున, పళ్ళెం పక్కన ఒక చిన్న రంధ్రం ఉంది. రాళ్ళు కడిగినప్పుడు నీళ్ళు పోవడానికి పెట్టింది. దానికి చెక్క బిరడా కొట్టి ఉంది.

నాగమాంబ కాళ్ళు కడుక్కోవడానికి బయటికి వచ్చినప్పుడు సోమలింగం తన ఆలోచన చెప్పాడు. ఆమె గొట్టం వైపు చూసింది, అతని వైపు చూసింది.

"నీకలా తోస్తే తీసి చూడు" అంది.

మంట తగ్గించి, గొట్టాన్ని రంధ్రం వైపు కాస్త వాల్చి, బిరడా తీసి, చిన్న వెదురు గొట్టం దూర్చి, కింద ముంత పెట్టాడు. రాలినది కాగులోకి పోకుండా సన్నటి ధారగా ముంతలోకి జారింది. లోపలి చప్పుడు తగ్గింది. మంట మళ్ళీ సర్దాడు. కాసేపటికి వేడి గొట్టం పైకొస దాకా పాకింది. బుడ్డిలోకి మొదటి చుక్క పడింది. వాసన చూశాడు. ఘాటుగా ఉంది. తన అంచనా తప్పలేదనుకున్నాడు.

ముంత నిండింది. రోజూ తొట్టి నీళ్ళు పారబోసే కాలవ గట్టున దాన్ని పెట్టి, ఇంకో ముంత పెట్టాడు. అదీ నిండింది.

బుడ్డిలో చుక్కలు పలచబడ్డాయి. ఆగి ఆగి పడ్డాయి. తరవాత ఆగిపోయాయి. మంట కాస్త పెంచితే వచ్చినవి వాసన లేని నీళ్ళే. కాగులో ఉన్నది గరిటెతో తీసి చూశాడు. అదీ నీళ్ళే. బుడ్డిలో చూస్తే అడుగున రెండు వేళ్ళ మందం సారం మాత్రమే ఉంది. ఒక మడమకు పూయడానికి కూడా చాలదు.

మిగతాది ఎక్కడికి పోయిందో అర్థం కాక పొయ్యి ముందు కూర్చుండిపోయాడు. మట్టి మెత్తిన సందులన్నీ తడిమి చూశాడు. ఎక్కడా కారడం లేదు.

నాగమాంబ వచ్చింది. బుడ్డి వైపు చూడలేదు. నేరుగా కాలవ గట్టుకు వెళ్ళి, పారబోయడానికి పెట్టిన ముంతల ముందు కూర్చుంది. పైటకొంగు అంచు నుంచి ఒక దారం పోగు లాగి, మెలిపెట్టి, ముంతలో ముంచి తీసింది. పొయ్యిలోని పుల్లతో దాన్ని అంటించింది.

పోగు అంటుకుంది. చిన్న నీలిమంట నిలబడి, ఆగకుండా వెలిగింది.

సోమలింగం లేచి నిలబడ్డాడు.

"అది కిందికి రాలినదే కదమ్మా" అన్నాడు.

"రాలినదే" అంది ఆమె.

పోగు వేలి దాకా కాలాక నేల మీద పడేసింది. సోమలింగాన్ని కట్టెలు లాగేయమని, కాగు చల్లారాక మూత తీయమంది. అతను తీశాడు. ఆమె ఒక ముంత ఎత్తి కాగులో పోసింది. రెండోది అతని చేతికిచ్చింది. అతను పోశాడు. బుడ్డిలో ఉన్న ఆ రెండు వేళ్ళ సారాన్నీ అందులోనే పోయమంది. ఒక్క క్షణం ఆగి అదీ పోశాడు. ఆమె నేల మీద పడి ఉన్న చెక్క బిరడా తీసి, దుమ్ము తుడిచి, రంధ్రంలో పెట్టి, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. ఆ తరవాత లచ్చయ్య దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారి సోమలింగం మళ్ళీ పొయ్యి వెలిగించాడు.

ఈసారి గొట్టం నిటారుగా ఉంది. వేడి నడుము ఎత్తులో ఆగింది. లోపల టపటప మొదలైంది. అతను ఏమీ చేయలేదు. మంట తగ్గితే పుల్ల పెట్టాడు, పెరిగితే పుల్ల లాగాడు. ఒకసారి తొందరపడి రెండు కట్టెలు పెట్టగానే లోపలి చప్పుడు చెదిరి, వేడి ఒక్క ఉరుకున పైకొచ్చింది. గబగబా లాగేశాడు. మళ్ళీ చప్పుడు కుదుటపడేదాకా ఇంకో కట్టె ముట్టుకోలేదు.

గొట్టానికి వీపు ఆనించి కూర్చోవాలని ఉంది గానీ వేడి. పక్కనే కూర్చున్నాడు. పొద్దెక్కింది. రాలే చప్పుడు మొదట్లో బరువుగా, దగ్గర దగ్గరగా ఉండేది. పోనుపోను అది పై రాళ్ళలోకి మారింది. పైన ఇంకా సన్నగా, ఇంకా తేలిగ్గా వినిపించింది. అతను ఆ తేడా పట్టుకున్నాడు. ఒకే ఆవిరి ఎన్నిసార్లు లేచి ఎన్నిసార్లు రాలుతోందో ఊహించబోయి వదిలేశాడు.

గంజి తీసుకొచ్చిన వంటమనిషి రాజేశ్వరమ్మ పిలిస్తే పలకలేదు. ఆమె గంజిముంత పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాటాక గొట్టం పైకొస వేడెక్కింది. బుడ్డిలోకి ఒక చుక్క పడింది. తరవాత ఇంకొకటి. తొందర లేకుండా, ఎడం తప్పకుండా పడ్డాయి. పొద్దు వాలేసరికి బుడ్డి మెడ దాకా వచ్చింది. కింద కాగులో మిగిలినదానికి వాసన లేదు.

గిన్నెలో సారం పోసి గుగ్గిలం పొడి వేశాడు. పొడి ఒక్క తిప్పుకు కరిగి, తేనె రంగుకు తిరిగింది. గిన్నె అడుగు కనబడింది.

ఆ సాయంత్రమే లచ్చయ్య మడమకు మందు పూశారు. మంట పుడుతుందని ముందే చెప్పారు. అతను పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, అయ్యాక చూసుకున్నాడు. పుండు మీద పలచటి పొర మెరుస్తోంది. పూసిన చెయ్యి సోమలింగానిది. లచ్చయ్య ఆ చెయ్యి పట్టుకుని, మళ్ళీ అదే అడిగాడు.

"గంగులు రాలేదా అయ్యా?"

"ఇంకా రాలేదు" అన్నాడు సోమలింగం. మొదటిసారి జవాబు చెప్పాడు.

కొట్టంలో మనుషులు తగ్గారు. పుళ్ళు మానినవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. లచ్చయ్య కర్ర పట్టుకుని ముంగిట్లో నడవడం మొదలుపెట్టాడు. సోమలింగం బట్టీపాకలో, మాడు కంపు కొట్టిన ఆ మొదటి సారాన్ని పొడుగు గొట్టం పెట్టి మళ్ళీ కాచి చూస్తున్నాడు. గంగులు మాట అతను నాగమాంబ దగ్గర మళ్ళీ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. కానీ రానివ్వవద్దని అతను అడిగిన సంగతి మఠంలో అందరికీ తెలుసు. ఆమె ఏమందో ఎవరికీ తెలియదు.

ఒక రోజు పొద్దున రాజేశ్వరమ్మ నీళ్ళకు వెళ్ళి ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. గంగులు వచ్చాడని, రేవు రాయి మీద కూర్చున్నాడని, పైకి రమ్మంటే రావడం లేదని చెప్పింది. చెప్పి సోమలింగం వైపు చూసింది. అక్కడున్నవాళ్ళందరూ అతని వైపే చూశారు. నాగమాంబ అరుగు మీద ఆకులు ఏరుతోంది. ఆమె మాత్రం తల ఎత్తలేదు.

సోమలింగం పొయ్యిలో మంట సర్ది, చేతులు కడుక్కుని రేవుకు దిగాడు.

గంగులు ఏటి వైపు తిరిగి కూర్చున్నాడు. పాదాలు పగిలి ఉన్నాయి. సోమలింగాన్ని చూసి లేవబోయాడు. అతను కూర్చోమని తానూ ఆ రాయి మీదే కూర్చున్నాడు.

"కాగు పోయిందా అయ్యగారూ?" అని అడిగాడు గంగులు.

"అడుగు మాడింది. తోమాం."

"ఆరిపోతుందేమోనని ఎక్కువ పెట్టి వెళ్ళాను."

ఏరు బాగా తగ్గింది. ఎరుపు పోయి నీళ్ళు పచ్చబడ్డాయి. ఇద్దరూ కాసేపు అటే చూశారు. లోపలికి రమ్మని గంగులు అడగలేదు. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోవడానికి సిద్ధమై వచ్చినవాడిలా మూట పక్కనే పెట్టుకున్నాడు.

"ఎందాకా వెళ్ళావు?" అన్నాడు సోమలింగం.

ఇన్నాళ్ళలో ఆ మాట అతన్ని అడిగినవాళ్ళు లేరు. గంగులు అతని మొహంలోకి చూశాడు, వెటకారం కాదు కదా అన్నట్టు.

"పోలవరం దాకా. అక్కడ దిగేశాను. జట్టువాళ్ళు ఉండమన్నారు. నేనే దిగేశాను."

"పోయిన ఏడు?"

"రాజమండ్రి దాకా పోయాను. రేవులో పడుకున్నాను కొన్నాళ్ళు."

"మొదటిసారి?"

గంగులు మూట ముడి విప్పి మళ్ళీ వేశాడు.

"సముద్రం దాకా పోయాను అయ్యగారూ. ఏట్లో కొట్టుకుపోయినవాడు చివరికి అక్కడికే చేరతాడు కదా అని. నీళ్ళు కలిసే చోట దిగి నిలబడ్డాను. వెతకడానికి అక్కడేం ఉంటుంది? అయినా వెతికాను."

దిగువన ఎక్కడో, కనబడనంత దూరంలో, తెప్పలవాళ్ళ కేక ఒకటి వినిపించింది. గంగులు వేళ్ళు ముడి మీద బిగుసుకున్నాయి. కేక దూరమై ఆగిపోయింది. వేళ్ళు మెల్లగా వదులయ్యాయి.

"మళ్ళీ వినబడితే ఉండగలనో లేదో నాకే తెలీదు" అన్నాడు గంగులు. "ఆ మాట చెప్పి, మీరేమంటే అదే చేద్దామని ఇక్కడ కూర్చున్నాను."

సోమలింగం లేచి, అతని మూట తీసి భుజాన వేసుకున్నాడు.

"బట్టీ ఎక్కించి వచ్చాను. మంట చూసే మనిషి లేడు" అని మెట్లెక్కాడు.

గంగులు వెనకే వచ్చాడు. ముంగిట్లో లచ్చయ్య కర్ర మీద ఆనుకుని నిలబడి నవ్వాడు. బట్టీపాకలోకి వెళ్ళాక సోమలింగం మూటను దూలానికి తగిలించి, పొయ్యి ముందున్న పీట చూపించాడు. గంగులు కూర్చున్నాడు. నిలబెట్టిన పొడుగు గొట్టాన్ని అతను అదే మొదటిసారి చూడడం. అదేమిటని అడిగాడు. విను, అన్నట్టు సోమలింగం చెవి మీద వేలు పెట్టి చూపించాడు. గంగులు తల వంచి చెవి దగ్గరికి తెచ్చి విన్నాడు.

సోమలింగం కట్టెలు తీసి అతని పక్కన పెట్టి, పాకలో అతన్నొక్కణ్ణే వదిలి, లచ్చయ్య కట్టు మార్చడానికి వెళ్ళాడు.